పోగొట్టుకున్న చోట ఏం వెతకాలి?

విజయవాడ సింగ్‌నగర్‌లో మూడేళ్లపాటు ఇడ్లీ, దోశ పిండి ప్యాకెట్ల వ్యాపారం నడిపి, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు గ్రైండర్లూ శీతల గది మోటారూ మునిగిపోవడంతో మూసేసిన ఒక ముప్పై నాలుగేళ్ల మిత్రుడు అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. ఆయనకు 14 లక్షల అప్పు మిగిలింది. అందులో బ్యాంకుకు ఆరున్నర లక్షలు, చేబదుళ్లు అయిదు లక్షలు, మినప్పప్పు వర్తకుడికీ కవర్లు సరఫరా చేసినవారికీ కలిపి లక్షన్నర, పనివాళ్ల జీతాలు ఒక లక్ష. స్నేహితులేమో దెబ్బ తిన్నాడు కాబట్టి అనుభవం వచ్చిందనీ, ఈసారి తప్పకుండా నిలబడతాడనీ అంటున్నారట. మామగారేమో ఇక చాలు, ఉద్యోగం చూసుకోమంటున్నారట. నష్టపోయిన అనుభవానికి నిజంగా విలువ ఉందా, అది ఓదార్పు మాటేనా, విలువ ఉంటే దాన్నుంచి కొత్త అవకాశం ఎలా పుడుతుంది అన్నది ఆయన ప్రశ్న.

ముందుగా మీ స్నేహితుల మాట గురించి చెబుతాను, ఎందుకంటే దాన్ని నమ్మి రెండోసారి అప్పు చేసినవాళ్లను గుంటూరులో చాలామందిని చూశాను. నష్టపోవడం వల్ల మనిషికి దానంతటదే తెలివి రాదు. ఈ విషయం మీద హార్వర్డ్‌లో పనిచేసే గాంపర్స్, లెర్నర్ తదితరులు 2006లో ఒక అధ్యయనం వెలువరించారు. అమెరికాలో వెంచర్ పెట్టుబడి, అంటే కొత్త సంస్థల్లో వాటా తీసుకుని పెట్టే డబ్బు, అందుకున్న సంస్థల వ్యవస్థాపకులను తీసుకుని, సంస్థను షేర్ మార్కెట్ దాకా తీసుకువెళ్లడాన్ని విజయంగా లెక్కించి, రెండో ప్రయత్నంలో ఎవరు ఎంతవరకు నెగ్గారో చూశారు. ఒకసారి నెగ్గినవారు మళ్లీ నెగ్గే అవకాశం 30 శాతం, మొదటిసారి మొదలుపెట్టినవారికి 18 శాతం, ముందు ఒకసారి దెబ్బ తిన్నవారికి 20 శాతం అని తేలింది. దెబ్బ తిన్న అనుభవం తెచ్చిన తేడా కేవలం రెండు శాతం. మన కిరాణా కొట్లకూ పిండి మరలకూ ఆ అంకెలు నేరుగా వర్తిస్తాయని నేను అనను, కానీ దెబ్బ ఒక్కటే పెట్టుబడి కాదని చెప్పడానికి అవి చాలు.

హెన్రీ ఫోర్డ్ కథను కూడా మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఆయన 1899లో మొదలుపెట్టిన డెట్రాయిట్ ఆటోమొబైల్ కంపెనీ 1901 జనవరికల్లా మూతపడింది, రెండో కంపెనీ నుంచి 1902లో ఆయనే బయటికి వచ్చేశారు, మూడోది 1903లో పెట్టి నిలబడ్డారు. కథ నిజమే. అయితే అదే ఊళ్లో అదే కాలంలో కార్ల కంపెనీలు పెట్టి రెండుసార్లు మునిగి, మూడోసారి కూడా మునిగినవాళ్ల పేర్లు మనకు ఎవరూ చెప్పరు. నెగ్గినవాళ్ల ఓటముల్ని మాత్రమే ఏరి చూపిస్తే ప్రతి ఓటమీ గెలుపుకు మెట్టులాగే కనిపిస్తుంది.

అలాగని అనుభవానికి విలువ లేదని నేను అనడం లేదు. నా జీవనమంతా ఆ విలువ మీదే నడుస్తోంది. దాన్ని బయటికి తీయడానికి ఒక శ్రమ ఉంది, ఆ శ్రమ చాలామంది చేయరు, నేనూ ఏడాదికి పైగా చేయలేదు. ఆ సంగతి నా లెక్కలతోనే చెబితే మీకు స్పష్టంగా ఉంటుంది.

గుంటూరు శివార్లలో నాకు ఒక కారం మిల్లు ఉండేది. సొంత పేరుతో ప్యాకెట్లు వేసి గుంటూరు, కృష్ణా, ప్రకాశం జిల్లాల్లోని కిరాణా కొట్లకు డిస్ట్రిబ్యూటర్ల ద్వారా పంపేవాళ్లం. ఈ పనిలో ఒక చిక్కు ఉంది. మిరపకాయ ప్రధానంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా యార్డుకు వస్తుంది, ఏడాది పొడుగునా మర ఆడాలంటే అప్పుడే కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోవాలి. 2016 సీజనులో ధర క్వింటాలు పది వేలు దాటి పలుకుతుంటే, ఇంకా పెరుగుతుందన్న నమ్మకంతో అవసరానికి మించి కొన్నాను. 2017 వేసవి నాటికి నా దగ్గర పాత సరుకు దాదాపు 900 టిక్కీలు (మిరప బస్తాలు), అంటే సుమారు 400 క్వింటాళ్లు మిగిలి ఉంది. ఆ వేసవిలో ధర నాలుగు వేల లోపుకు పడిపోయిందని, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయలు ప్రకటించవలసి వచ్చిందని మీకు గుర్తుండే ఉంటుంది. పదిన్నర వేలకు కొన్న సరుకు నాలుగు వేలకు దిగింది. నిల్వ రసీదుల మీద అప్పిచ్చిన బ్యాంకు, సరుకు విలువ తగ్గింది కాబట్టి తేడా కట్టమని కబురు పెట్టింది. దాదాపు 26 లక్షలు పోయాయి, దసరా నాటికి మిల్లు మూసేశాను.

ఎవరు అడిగినా నేను చెప్పిన కారణం ఒకటే: రేటు పడిపోయింది. యార్డులో ఆ ఏడాది అందరి నోటా అదే మాట కాబట్టి నన్ను ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు, నేనూ వేసుకోలేదు.

2018 చివరలో మా దగ్గర పనిచేసి మానేసిన గుమస్తా గారు ఒకరోజు ఇంటికి వచ్చి, పాత ఖాతా పుస్తకాలు ముందేసుకుని నెలవారీగా రాద్దామన్నారు. ఆయన ఎందుకు అడిగారో నాకు అప్పుడు అర్థం కాలేదు. పదిహేను రోజులు కూర్చుని ధర పడకముందు నాటి లెక్క, అంటే బాగా నడుస్తోందని నేను అనుకున్న 2015వ సంవత్సరం లెక్క రాశాం. అమ్మకాలు కోటీ ఇరవై లక్షలు. సరుకు ఖరీదు, కరెంటు, కూలీ, ప్యాకింగ్, రవాణా పోను మిగిలింది పన్నెండు లక్షలు. బయట తెచ్చిన 40 లక్షలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 80 వేలు, ఏడాదికి తొమ్మిది లక్షల అరవై వేలు. చేతికి వచ్చేది రెండు లక్షల నలభై వేలు, అంటే నెలకు ఇరవై వేలు. మా ఇంటి ఖర్చు నెలకు ముప్పై అయిదు వేలు. మిగతా పదిహేను వేలు ప్రతి నెలా కొత్త చేబదులు నుంచే వచ్చాయి. అదే సమయంలో డిస్ట్రిబ్యూటర్లూ కొట్లవాళ్లూ నాకు ఇవ్వవలసింది 34 లక్షలు, అంటే దాదాపు మూడున్నర నెలల అమ్మకం. నా అప్పంతా ఎక్కడుందో అప్పుడు కనిపించింది. నేను రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బును కిరాణా కొట్లకు వడ్డీ లేకుండా అప్పిచ్చి, ఆ పనికి కారం వ్యాపారం అని పేరు పెట్టుకున్నాను. వడ్డీని గుర్రాలు కూడా అందుకోలేవని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. 2017లో ధర పడకపోయినా, ఇంకో రెండు మూడేళ్లలో ఆ మిల్లు మూతపడేదే.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. కృష్ణమ్మకు 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, మరోవైపు బుడమేరు కట్టలు తెగి, సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్న ఆ వారాన్ని ఈ ప్రాంతంలో ఎవరం మరిచిపోలేదు. మీ నష్టం నిజం, మీ కష్టం నిజం. అయినా ఒక మాట అడగక తప్పదు. వరద రాకముందు, ఆగస్టు నెలలో మీ వ్యాపారం ఎలా ఉంది? మీరే రాశారు, ఆ వేసవిలో నూటికి ఇరవైకి పైగా ప్యాకెట్లు పులిసి, ఉబ్బి, కొట్ల నుంచి తిరిగి వచ్చేవని. కొట్లవాళ్లు అమ్ముడైతేనే డబ్బు, లేకపోతే వాపసు అన్న షరతు మీద పెట్టుకునేవారని కూడా రాశారు. ఈ రెండు వాక్యాలూ మీ ఉత్తరంలో వరద గురించి రాసిన పేరాకు ముందే ఉన్నాయి, కానీ మీరు వాటి మీద ఆగలేదు. నాకు రేటు ఎలాంటిదో మీకు వరద అలాంటిది అయి ఉండవచ్చు. అవునో కాదో మీ ఆగస్టు లెక్కే చెప్పాలి.

ఎవరూ కాదనలేని పెద్ద కారణం ఒకటి దొరికినప్పుడు మనం దాని వెనక నిలబడతాం. నలుగురిలో తల ఎత్తుకోవడానికి అది అవసరం కూడా, దాన్ని తప్పు పట్టను. అయితే ఆ కారణం వల్ల మనం నేర్చుకోవలసింది ఏమీ ఉండదు, ఎందుకంటే వరదను ఆపడం మీ చేతిలో లేదు, మిరప ధరను నిలబెట్టడం నా చేతిలో లేదు. మన చేతిలో ఉన్న కారణం చిన్నదిగా, సిగ్గు కలిగించేదిగా ఉంటుంది. పనికొచ్చే అనుభవం దానిలోనే ఉంటుంది.

వరద విషయంలో కూడా మన చేతిలో ఉన్నది ఒకటుంది, దాన్ని త్వరగా చెప్పి ముందుకు వెళతాను. 2021 ఏప్రిల్ నుంచి అయిదు కోట్ల రూపాయల లోపు ఆస్తి ఉన్న చిన్న సంస్థల కోసం భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ఒకే తీరు బీమా సాధారణ బీమా కంపెనీల్లో దొరుకుతోంది, అందులో వరద నష్టం కూడా చేరి ఉంటుంది. అప్పిచ్చిన బ్యాంకు మీ పేరున ఏదైనా పాలసీ తీసుకుని ఉందేమో, ప్రీమియం మీ ఖాతాలోంచే పోయిందేమో, పాత స్టేట్‌మెంట్లు ఒకసారి చూడండి.

లెక్క రాసే పని ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే. డీన్ షెపర్డ్ అనే ఆచార్యుడు 2003లో రాసిన ఒక వ్యాసంలో వ్యాపారం పోవడాన్ని ఇంట్లో మనిషి పోవడంతో పోల్చారు. తన కుటుంబ వ్యాపారాన్ని మూసేయాలని తండ్రికి చెప్పవలసి వచ్చిన మనిషి ఆయన. దుఃఖంలో ఉన్నవాడు జరిగినదాన్ని తవ్వుకుంటూనే కూర్చుంటే కుంగిపోతాడనీ, పూర్తిగా పక్కన పెట్టేస్తే ఏమీ నేర్చుకోడనీ, కొంతసేపు దాన్ని ఎదుర్కొని, కొంతసేపు వేరే పనుల్లో పడి, మళ్లీ దాని దగ్గరికి రావడమే మార్గమనీ ఆయన వాదన. నా అనుభవం దీన్ని బలపరుస్తుంది. మిల్లు మూసిన మొదటి ఆరు నెలల్లో ఖాతా పుస్తకం తెరిస్తే నాకు అంకెలు కనిపించేవి కావు, మోసం చేసినవాళ్ల ముఖాలు కనిపించేవి. మీకు ఇంకా అలాగే ఉంటే, మీ ఇంట్లో వ్యాపారంతో సంబంధం లేని ఒకరిని, మీ చెల్లెలినో బావమరిదినో, పక్కన కూర్చోబెట్టుకుని రోజుకు ఒక గంటకు మించకుండా రాయండి.

రెండో ప్రమాదం గురించి ఎక్కువమంది మాట్లాడరు. నష్టం నేర్పే పాఠం తప్పుది కూడా కావచ్చు. పాలు తాగి నోరు కాలినవాడు మజ్జిగను కూడా ఊదుకుని తాగుతాడని సామెత. లెక్కలన్నీ తేలాక నేను నాకు పెట్టుకున్న నియమం, జన్మలో ఎవరికీ అరువు ఇవ్వకూడదని. 2021లో ఒక పచ్చళ్ల తయారీదారు ముప్పై రోజుల గడువు అడిగితే ఆ నియమం ప్రకారం కాదన్నాను. ఆయన వేరొకరి దగ్గరికి వెళ్లారు, ఆ సరఫరాదారు ఆయనతో పాటే పెరిగారు. నన్ను ముంచింది అరువు కాదు, వడ్డీకి తెచ్చిన డబ్బుతో, హద్దు లేకుండా, పెద్ద సరుకు బయట ఉండగా ఇచ్చిన అరువు. ఈ తేడా తెలుసుకోవడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. కొత్త ఖాతాదారుకు ఇచ్చే అరువు, అది పూర్తిగా మునిగినా నేను బయట అప్పు చేయకుండా తట్టుకోగలిగినంతే ఉంటుంది, అతను మూడుసార్లు గడువుకు కట్టాకే హద్దు పెరుగుతుంది. భారతీయ మూలాలున్న సరస్ సరస్వతి అనే పరిశోధకురాలు అమెరికాలో 27 మంది అనుభవజ్ఞులైన వ్యవస్థాపకుల ఆలోచనా విధానాన్ని పరిశీలించినప్పుడు ఇలాంటిదే కనిపించింది. వాళ్లు ఎంత వస్తుందని కాక, పోతే ఎంతవరకు భరించగలం అన్న ప్రశ్నతో మొదలుపెడతారట. ఆ మాట చదివినప్పుడు, మా నాన్నగారు పొలం కౌలుకు తీసుకునేటప్పుడు వేసుకున్న లెక్క కూడా అదే కదా అనిపించింది.

అమరావతి చుట్టూ జరిగినదాన్ని కూడా ఈ కోణంలో చూడండి. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగాక తుళ్లూరు, మందడం, వెలగపూడి వైపు ఎందరో పెట్టుబడి పెట్టారు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చి పనులు ఆగిపోయాయి, మళ్లీ పెద్ద ఎత్తున మొదలైంది 2025 మే నెలలోనే. నాకు తెలిసిన ఇద్దరిలో ఒకాయన భవనం పదేళ్ల లీజుకు తీసుకుని హాస్టల్ పెట్టారు, ఇంకొకాయన సెంట్రింగ్ సామాను అద్దెకు ఇచ్చేవారు. దెబ్బ ఇద్దరికీ ఒకేరోజు తగిలింది. సెంట్రింగ్ ఆయన రేకులూ గడలూ లారీకెత్తి గన్నవరం వైపు అపార్ట్‌మెంట్ల పనులకు తరలించుకున్నారు, హాస్టల్ ఆయనకు ఎత్తుకుపోవడానికి మంచాలు తప్ప ఏమీ లేవు. ప్రభుత్వాలను నమ్ముకుని వ్యాపారం చేయకూడదని ఇద్దరూ ఈనాటికీ అంటారు. నాకైతే ఆ ఉదంతం మరో విషయం చెప్పింది: పెట్టుబడిలో ఎంత భాగం లేపి మరో చోట పెట్టుకోగలమో పెట్టేముందే చూసుకోవాలి. మీ గ్రైండర్లు బాగు చేస్తే మళ్లీ తిరుగుతాయి, ప్యాకెట్ మీద పేరు అచ్చు వేయించిన కవర్ల కట్టలు మాత్రం ఎక్కడికీ తరలవు. ఏది ఎంత పోయిందో మీ నష్టాన్ని ఈ రెండు భాగాలుగా విడదీసి రాసుకోండి.

కొత్త అవకాశం ఎక్కడి నుంచి వస్తుంది అన్నదే మీ ప్రశ్నలో అసలు భాగమని నా అభిప్రాయం. పోయిన చోటే వెతుక్కోవాలి అంటారు మనవాళ్లు. చాలామంది దీన్ని, అదే వ్యాపారంలో మళ్లీ దిగి పోయిన డబ్బు రాబట్టుకోవడం అని అర్థం చేసుకుంటారు, అలా చేసినవాళ్లు సాధారణంగా రెండింతలు పోగొట్టుకుంటారు. నేను దాన్ని ఇంకోలా తీసుకుంటాను. ఆ చోట తిరిగినప్పుడు మన కంట పడి, అప్పటి తొందరలో పట్టించుకోనిది ఏమిటో అక్కడ వెతకాలి.

మిల్లు మూసేశాక నాకు రావలసిన 34 లక్షల కోసం ఏడాదిన్నర ఊళ్లు పట్టుకు తిరిగాను. వసూలైంది సగం కన్నా తక్కువే. ఆ తిరుగుడులోనే హోటళ్లవాళ్లు, మెస్సులవాళ్లు, ఇంటి దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు ఒకే ఫిర్యాదు చేయడం విన్నాను. పోయిన నెల కారానికీ ఈ నెల కారానికీ రంగు కలవదు, ఘాటు కలవదు, వండేవాడు కొలత మార్చుకోవలసి వస్తుంది. మిరప రకాల్లో తేజలో ఘాటు ఎక్కువ, బ్యాడిగిలో రంగు ఎక్కువ ఘాటు తక్కువ, 334 మధ్యస్తంగా ఉంటుంది. ఏ పాళ్లలో కలిపితే ఏ నెలలోనైనా ఒకే రంగు, ఒకే ఘాటు వస్తుందో మిల్లు నడిపిన ఎనిమిదేళ్లలో నాకు చేతికి పట్టుబడింది. ప్యాకెట్ల వ్యాపారంలో ఆ నేర్పుకు ఎవరూ రూపాయి ఎక్కువ ఇవ్వలేదు, ఎందుకంటే కొట్టులో కొనేవాళ్లు చూసేది ధర. 2019 నుంచి నేను చేస్తున్నది ఆ పనే. సరుకు వాళ్లదే, లేదా వాళ్ల అడ్వాన్సుతో కొన్నదే. కలపడం, ఆడించడం, ప్రతి విడత నుంచి నమూనా తీసి దాచడం నా పని, కిలోకు ఇంత అని కూలి తీసుకుంటాను. నల్ల తామర పురుగు తోటల్ని తినేసిన మరుసటి ఏడాది తేజ ధర ఇరవై వేలు దాటి, ఇరవై అయిదు ఏళ్లుగా మిల్లులు నడిపినవాళ్లు కూడా పెట్టుబడికి అల్లాడిపోయినప్పుడు, నా దగ్గర నాది అనే సరుకు లేదు కాబట్టి నిద్ర పట్టింది. 2025లో ధర పడిపోయి కేంద్రం మళ్లీ క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చిన సీజనులోనూ నాకు ఇబ్బంది రాలేదు. పెద్ద ఆదాయం కాదు, కానీ పాత అప్పు తీరింది.

బయటివాడు ఎంత తెలివైనవాడైనా ఈ అవకాశం అతని కంట పడదు. స్కాట్ షేన్ అనే పరిశోధకుడు 2000 సంవత్సరంలో ప్రచురించిన అధ్యయనం దీన్ని చక్కగా నిరూపించింది. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో పుట్టిన త్రీడీ ప్రింటింగ్ పద్ధతి ఒక్కదాన్నే తీసుకుని ఎనిమిది బృందాలు ఎనిమిది రకాల వ్యాపారాలు ఆలోచించాయి, ఏ బృందానికీ మిగతావాళ్లకు తోచినది తోచలేదు. ప్రతి ఒక్కరికీ కనిపించింది అంతకుముందు తాము చేసిన పనికి సంబంధించిన అవకాశమే. పాత అనుభవం అవకాశాన్ని చూపించే పద్ధతి ఇదే, అందుకే అది ఎప్పుడూ పాత పని పక్కనే ఉంటుంది. పిండి వ్యాపారంలో నష్టపోయి మొబైల్ ఫోన్ల కొట్టు పెట్టేవాడు తన మూడేళ్లనూ గుమ్మం బయట వదిలి లోపలికి వెళ్తున్నట్టే.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఇంకొకటి ఉంది. మొదటి ఏడాది పటమటలో రెండు టిఫిన్ సెంటర్లు, ఎనికేపాడు వైపు ఒక కాలేజీ హాస్టల్ బకెట్లతో పిండి తీసుకునేవని, సొంత పేరుతో ప్యాకెట్ మీద దృష్టి పెట్టాలని 2023లో వాటిని మానేశారని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. టిఫిన్ సెంటర్ తెల్లవారుజామున తీసుకుని పదింటికల్లా వాడేస్తుంది, పులిసి వాపసు వచ్చే ప్రశ్న లేదు, కవరు ఖర్చు లేదు, కొట్టువాడి ఫ్రిజ్ మీద ఆధారపడనక్కర లేదు. విజయవాడ చుట్టుపక్కల ఇంటర్మీడియట్ హాస్టళ్లకు లోటు లేదు. పిల్లలు వేసవిలో ఇళ్లకు వెళ్లిపోతారు కాబట్టి, పిండి నిలవని ఎండలు ముదిరే రోజుల్లోనే ఆ గిరాకీ కూడా తగ్గుతుంది. మీకు బాగా నష్టం తెచ్చిన నెలలో పని తగ్గడం మంచిదో చెడ్డదో మీ లెక్కే చెబుతుంది. హాస్టళ్లు డబ్బు ఆలస్యం చేస్తాయన్న భయం సహేతుకమే. మీది తయారీ సంస్థ కాబట్టి ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి కొనుగోలుదారు డబ్బు ఆపకూడదని చిన్న సంస్థల కోసం చేసిన 2006 నాటి చట్టం చెబుతోంది, ఆపితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలి. సరుకు కొని అమ్మే వర్తకులకు ఈ రక్షణ లేదు, మీకు ఉంటుంది. కాగితం మీద ఉన్న హక్కును పట్టుకుని ఖాతాదారుతో కొట్లాడమని చెప్పడం లేదు, గడువు మాట్లాడుకునేటప్పుడు అది మీ చేతిలో ఉందని గుర్తుంచుకోమంటున్నాను. ఈ బకెట్ల వ్యాపారమే చేయండని కూడా నేను చెప్పలేను. దానిలో కిలోకు ఎంత మిగిలిందో మీకే తెలియాలి, ఇంతవరకు మీరు దాన్ని ప్యాకెట్ల లెక్కలోంచి విడదీసి చూసినట్టు లేదు.

అప్పుల గురించి నా అభిప్రాయం గట్టిది, మీకు నచ్చకపోవచ్చు. మొదట పనివాళ్ల లక్ష రూపాయలు కట్టండి, ఆ తరువాత మినప్పప్పు వర్తకుడికీ కవర్లవాళ్లకూ ఎంతో కొంత చొప్పున మొదలుపెట్టండి. చట్టం దృష్టిలో బ్యాంకు ముందుండవచ్చు, కానీ మీరు రేపు ఏ పని మొదలుపెట్టినా మొదటి బస్తా నమ్మకం మీద ఇచ్చేది ఆ వర్తకుడే, తెల్లవారుజామున మూడింటికి వచ్చి గ్రైండర్ వేసేది ఆ పనివాళ్లే. మా దగ్గర తొడిమలు తీసిన ఆడవాళ్లకు రావలసింది నేను బండి అమ్మి కట్టాను, 2019లో మళ్లీ పని మొదలైనప్పుడు పిలవగానే వచ్చినవాళ్లు వాళ్లే. బ్యాంకు దగ్గరికి మాత్రం వాళ్లు పిలవకముందే వెళ్లండి. 90 రోజులు వాయిదా దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది, అయిపోయి ఉంటే, బాకీ కొంత తగ్గించి కట్టి ముగించే ఏకకాల పరిష్కారం అడగవచ్చు, అయితే దాని తరువాత మీ అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదికలో "క్లోజ్డ్" అని కాక "సెటిల్డ్" అని పడుతుందని, కొత్త అప్పుకు అది అడ్డు వస్తుందని తెలిసే సంతకం పెట్టండి.

చేబదుళ్ల విషయంలో రెండు జాగ్రత్తలు చెప్పాలి. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల గడువు ఉంటుంది, గడువు దగ్గరపడగానే తిరగరాయమని వస్తారు. అప్పుడు వడ్డీని అసలులో కలిపి రాయకుండా, ఇప్పటిదాకా కట్టినదంతా నోటు వెనక చెల్లుగా రాయించుకోండి. హామీగా ఖాళీ చెక్కులు ఇచ్చి ఉంటే, బాకీ తీరిన ప్రతిచోటా చెక్కు వెనక్కి తీసుకోండి, ఎందుకంటే అది బ్యాంకులో పడి తిరిగి వస్తే, చెల్లని చెక్కును నేరంగా చూసే సెక్షన్ 138 కింద నోటీసు అందాక డబ్బు కట్టడానికి మీకు పదిహేను రోజులే ఉంటాయి. ఐపీ (దివాలా పిటిషన్) పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు మన రెండు ఊళ్లలోనూ దొరుకుతారు. నిజంగా ఏ దారీ లేనివాడికి చట్టం ఇచ్చిన వెసులుబాటు అది, దాన్ని వాడుకున్నవాళ్లను నేను తక్కువ చేసి మాట్లాడను. మీ 14 లక్షలు ఆ స్థితి కాదు. అయిదు లక్షలిచ్చిన బంధువుల ఇళ్లకు మీరే వెళ్లి, నెలకు ఎంత కట్టగలరో చెప్పి, ఆ మొత్తం చిన్నదైనా తేదీ తప్పకుండా కడితే చాలామంది వడ్డీ ఆపేస్తారు. మొహం చాటేస్తే మాత్రం ఎవరూ ఆపరు.

ఇక మామగారి మాట. ఆయనకు ఎదురు చెప్పవద్దనే నా సలహా. ఏడాదిన్నర ఉద్యోగం చేయండి, అయితే ఏదో ఒక ఉద్యోగం కాకుండా, పాలో, ఐస్‌క్రీమో, బ్రెడ్డో, త్వరగా పాడయ్యే సరుకు పంపిణీ చేసే సంస్థలో చేరండి. వాపసు సరుకును వాళ్లు ఎవరి ఖాతాలో వేస్తారో, కొట్టువాడికి ఫ్రిజ్ ఇచ్చి దాని మీద ఏ షరతు పెడతారో, మే నెలలో బండి ఎన్నింటికి బయలుదేరుతుందో, ఈ మూడూ మీరు సొంత డబ్బు పోగొట్టుకుని సగం నేర్చుకున్నవే. మిగతా సగం జీతం తీసుకుంటూ నేర్చుకోవచ్చు. నెల జీతం వస్తుంటే చేబదుళ్ల వాయిదాలు తప్పవు, ఇంట్లోనూ నెమ్మది ఉంటుంది.

ఈలోగా ఆగస్టు నెల లెక్క రాయండి. 2023లో మానేయకముందు ఒక నెల బకెట్ల అమ్మకాన్ని ఒక వరుసలో, ఆగస్టు ప్యాకెట్ల అమ్మకాన్ని ఇంకో వరుసలో వేసి, వాపసు వచ్చిన ప్రతి ప్యాకెట్‌కూ పప్పు, బియ్యం, కవరు, కరెంటు ఖర్చు విడిగా చూపించండి. మీరు నెలనెలా ఇంటికి వాడుకున్న డబ్బును కూడా దాచకుండా అందులో వేయండి, నా లెక్కలో చివరిదాకా కనిపించకుండా పోయింది అదే. అది నాకు పంపితే నా 2015 పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తాను.